వాలు కొలిచే మీటరు, బీకన్: కొన్ని చలికాలాల గుల్మార్గ్ వాడకం తర్వాత

"ఏ బీకన్ కొనమంటావన్నా?" అని గుల్మార్గ్ స్కీయింగ్‌కి బయల్దేరే మా నెల్లూరు పిల్లకాయలు అడుగుతుంటారు. బీకన్ అంటే ఒంటికి కట్టుకునే చిన్న రేడియో పరికరం, మంచులో పూడుకున్న మనిషి ఎక్కడున్నాడో దాని సిగ్నల్‌ను బట్టి మిగతావాళ్లు తమ బీకన్‌తో పట్టుకుంటారు. అది కావాల్సిందే. కానీ అది పనికొచ్చేది మనిషి మంచులో పూడుకుపోయాక. ఆ గతి పట్టకుండా నన్ను ఇన్నాళ్లూ కాచింది మాత్రం వాలు కొలిచే మీటరే, అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క అది. స్కీ కర్రను వాలు వెంబడి మంచు మీద పడుకోబెట్టి, దాని మీద మీటరు ఆనిస్తే ఎన్ని డిగ్రీలో కనిపిస్తుంది. పలకలుగా తెగి జారే మంచు చరియలు ఎక్కువగా పుట్టేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. స్కీకి మజా వచ్చే వాలూ అదే! 28 ఎక్కడ, 34 ఎక్కడ అనేది కంటికి ఆనదు. ఫోన్లో యాప్ ఉందిగా అంటారు. ఆ చలికి ఫోన్ ఛార్జింగ్ చప్పున దిగిపోతుంది, గ్లౌజు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. ఈ ముక్కకు బ్యాటరీయే లేదు. అంకెలు కాస్త అరిగాయి తప్ప ఇప్పటికీ సరిగ్గానే చూపిస్తోంది.

ఒక్క రాత్రిలో 30 సెంటీమీటర్ల కొత్త మంచు పడి, దానికి గాలి కూడా తోడైతే, ఆ రోజూ మర్నాడూ 30 డిగ్రీలు దాటిన వాలు జోలికి నేను పోను. గాలి ఒక పక్క మంచును ఊడ్చి గట్టు అవతల పోస్తుంది, అక్కడ మామూలుగా పడినదానికంటే ఎంతో మందంగా పేరుకుంటుంది. కింద పాత మంచు పంచదార పలుకుల్లా పొడిపొడిగా ఉంటే పై పొరకు పట్టు దొరకదు. కాలు వేయగానే లోపల 'ధుబ్'మని కుంగినా, స్కీ ముందు నుంచి పగులు పరిగెత్తినా వెంటనే వెనక్కి తిరగండి. మనం నిలబడ్డ చోటు చదునైనా సరే, తల మీద నిటారు వాలుంటే అదీ ప్రమాదమే. పైవాలు కూడా చూసుకోవాలి.

మంచు పొరల పట్టు చూడటానికి గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల దిమ్మె కోసి, మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది దెబ్బలు కొట్టే పరీక్ష ఉంది. చేస్తాను. పొర తెగితే ప్రమాదం ఉందని నమ్ముతాను. తెగకపోతే మాత్రం పొమ్మన్నట్టు కాదు, కాస్త అవతల మంచు వేరేగా ఉండొచ్చు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ పక్కనే ఉన్న ఖిలన్‌మార్గ్ దగ్గర శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు మంచు చరియ కింద చనిపోయారు. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్‌లోని అఫర్వత్ కొండ వాలు మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు మంచు చరియ కిందే పోయారు.

ఇక బీకన్. నాది మూడు యాంటెన్నాల డిజిటల్ రకం. ఏ కంపెనీదైనా 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది కాబట్టి ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. పూడుకున్న మనిషిని పావుగంటలోపు తీయగలిగితేనే బతుకు మీద గట్టి ఆశ. అందుకే చేతికి అలవాటవ్వాలని మైపాడు బీచ్‌లో సాధన చేస్తాం. బీకన్‌ను ఉప్పుతేమ తగలకుండా డబ్బాలో మూసి ఇసుకలో పాతిపెడతాను, మా బామ్మర్ది వెతుకుతాడు. వెతికేటప్పుడు ఫోన్ అర మీటరు దూరంలో ఉండాలి, లేకుంటే బాణం గుర్తు పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది. మంచులో గుచ్చి పూడుకున్న మనిషిని తడిమే ప్రోబ్ కర్రకు మాత్రం ఇసుకలో సాధన కుదరదు, దిగదు. సీజన్ అయ్యాక బ్యాటరీలు తీసేయాలి. మన ఉక్కపోతకు అవి లోపలే కారితే బీకన్ పని అయిపోయినట్టే.

గొండోలా (కేబుల్ కారు) మొదటి దశ దగ్గరి నేర్చుకునే వాలు మీదే ఉండేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. రెండో దశ దాటి స్కీ పాట్రోల్ (స్కీయర్ల భద్రత చూసే గస్తీ సిబ్బంది) హద్దు అవతలికి పోయేవాళ్లు మీటరు ఇక్కడే కొనుక్కోండి. బీకన్, ప్రోబ్, పార గుల్మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. అద్దె కట్టే ముందు రెండు బీకన్లు ఆన్ చేసి, ఒకదాన్ని దుకాణం బయటికి పంపి, రెండోది దాన్ని పట్టుకుంటుందో లేదో అక్కడికక్కడే చూసుకోండి.