మధుమేహమున్న పిల్లికి ఇన్సులిన్ మాన్పించాలంటే ఏ దారి మేలు?

పిల్లులకు వచ్చే మధుమేహం చాలావరకు మనుషులలో కనిపించే రెండో రకాన్ని పోలి ఉంటుంది. ఒంట్లో ఇన్సులిన్ తయారవుతున్నా కణాలు దానికి సరిగా స్పందించవు. ఆపైన రక్తంలో గ్లూకోజ్ దీర్ఘకాలం ఎక్కువగా ఉండిపోతే, ఇన్సులిన్‌ను తయారుచేసే క్లోమంలోని బీటా కణాలు ఆ గ్లూకోజ్ వల్లనే మరింత దెబ్బతింటాయి. ఆ భారాన్ని త్వరగా దించగలిగితే కొన్ని కణాలు కోలుకుంటాయి కాబట్టి, కొన్ని పిల్లులకు వారాలలోనో నెలలలోనో సూది మందు అవసరం తీరిపోతుంది. ఇన్సులిన్ ఇవ్వకపోయినా కనీసం నాలుగు వారాలపాటు గ్లూకోజ్ మామూలు స్థాయిలో నిలిచి, అతిదాహం, అతిమూత్రం వంటి లక్షణాలు తిరిగి రాకుంటే ఆ స్థితిని పశువైద్యులు రెమిషన్ అంటారు. అక్కడికి చేరేందుకు సాధారణంగా మూడు దారులు చర్చకు వస్తాయి: ఆహారం మార్చి ఇన్సులిన్ ఆపి చూడటం, ఇన్సులిన్ కొనసాగిస్తూనే ఆహారం మార్చి ఇంటి పరీక్షల ఆధారంగా మోతాదు తగ్గించుకుంటూ రావడం, సూదికి బదులు నోటి మందు వాడటం.

మొదటి దారి సహజమైనదిగా కనిపిస్తుంది గనుక దానికి ఆకర్షణ ఎక్కువ. గ్లూకోజ్ ఇంకా అధికంగా ఉన్న పిల్లికి ఇన్సులిన్‌ను హఠాత్తుగా ఆపితే, ఎంత మంచి ఆహారం పెట్టినా బీటా కణాలకు విశ్రాంతి దొరకదు. ఇన్సులిన్ కొరతతో శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెట్టి, అప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్ల పదార్థాలు రక్తంలో పేరుకుని ప్రాణాపాయం ఏర్పడవచ్చు. రెమిషన్ వస్తుందన్న ఆశతో రెమిషన్‌కు అవసరమైన మందునే తీసేయడం నా దృష్టిలో సమర్థించలేని పని. దీనికి భిన్నంగా, దీర్ఘకాలం పనిచేసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్‌తో, ఇంట్లోనే రక్తపరీక్షలు చేస్తూ గ్లూకోజ్‌ను గట్టిగా అదుపులో ఉంచిన 55 పిల్లుల ఫలితాలు 2009లో వెలువడ్డాయి. వ్యాధి గుర్తించిన ఆరు నెలలలోపు ఆ పద్ధతి మొదలుపెట్టిన పిల్లులలో 84 శాతం, ఆ తరువాత మొదలుపెట్టిన వాటిలో 35 శాతం రెమిషన్‌కు చేరాయి. శ్రద్ధగల యజమానుల పిల్లులున్న చిన్న సమూహమది కనుక ఈ అంకెలు ప్రతి పిల్లికీ వర్తిస్తాయనుకోలేము; తొలి నెలలు ఎంత విలువైనవో మాత్రం అవి స్పష్టంగానే చెబుతున్నాయి.

రెండో దారిలో ఆహారం పాత్ర పెద్దది. పిల్లి పూర్తి మాంసాహారి. పిండి పదార్థాలు ఎక్కువైన భోజనాన్ని దాని కాలేయం కుక్క కాలేయమంత చురుకుగా సంబాళించలేదు. అందుచేత మధుమేహమున్న పిల్లికి పిండి పదార్థాల నుంచి అందే శక్తి మొత్తంలో సుమారు 12 శాతానికి మించకుండా చూడమని పశువైద్యులు సూచిస్తారు. పొడి ఆహారమా, తడి ఆహారమా అన్న ప్రశ్న ఇక్కడే తేలుతుంది. డబ్బా మీద పిండి పదార్థాల శాతం తరచుగా రాయరు గనుక లెక్క మనమే కట్టుకోవాలి: నూరులోంచి తేమ, మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద (అంటే ఖనిజ లవణాలు) శాతాలను తీసివేస్తే మిగిలేది పిండి పదార్థం. తేమ 78, మాంసకృత్తులు 11, కొవ్వు 6, పీచు 1, బూడిద 2 ఉన్న తడి ఆహారంలో మిగిలేది 2. మాంసకృత్తులకు, పిండి పదార్థాలకు గ్రాముకు 3.5 కిలోకాలరీలు, కొవ్వుకు 8.5 చొప్పున వేస్తే శక్తిలో పిండి వాటా దాదాపు 7 శాతం. తేమ 8, మాంసకృత్తులు 32, కొవ్వు 14, పీచు 3, బూడిద 7 ఉన్న పొడి ఆహారంలో అదే వాటా 35 శాతం వస్తుంది. మాంసకృత్తుల అంకె పెద్దదిగా కనిపించడం చూసి పొడి ఆహారాన్నే మేలైనదనుకునేవారు ఈ లెక్క ఒక్కసారి చేసి చూడాలి. అయితే తడి ఆహారాలన్నీ మంచివేనని కూడా అనలేము, ఎందుకంటే చిక్కని గ్రేవీ ఉన్నవాటిలో పిండి తరచుగా ఎక్కువే ఉంటుంది. ఇంట్లో వట్టి మాంసమే వండిపెట్టడమూ సరికాదు. కాల్షియం వంటివి తక్కువై కొత్త జబ్బులు వస్తాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్న పిల్లికి మాంసకృత్తులు, భాస్వరం ఎంత ఉండాలన్నది వైద్యుడే నిర్ణయించాలి.

ఇక అసలు జాగ్రత్త. పిండి తగ్గించిన కొద్ది రోజులలోనే ఇన్సులిన్ అవసరం తగ్గిపోవచ్చు. పాత మోతాదే కొనసాగితే గ్లూకోజ్ అమాంతం పడిపోయి పిల్లి తూలడం, స్పృహ తప్పడం, మూర్ఛ రావడం జరుగుతాయి. కాబట్టి గ్లూకోమీటరు చేతిలో లేనిదే ఆహారం మార్చకూడదన్నది ఈ మొత్తం వ్యవహారంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట. వైద్యుడితో ముందుగా మాట్లాడి, కొత్త ఆహారాన్ని పాతదానితో కలుపుతూ క్రమంగా పెంచుతూ, ఆ రోజులలో పరీక్షల సంఖ్యను కూడా పెంచాలి. లావుపాటి పిల్లి బరువు తగ్గడం రెమిషన్‌కు తోడ్పడుతుంది, కానీ వారానికి ఒకటి రెండు శాతం మించి తగ్గనివ్వకూడదు. పిల్లి తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది గనుక పస్తు పెట్టడం ఎన్నడూ పనికిరాదు.

పరీక్షా పద్ధతులను పోలిస్తే మూత్రపు స్ట్రిప్ అన్నిటికన్నా సులువు, ఈ పనికి అన్నిటికన్నా బలహీనం. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు దాటితే గాని పిల్లి మూత్రంలోకి రాదు. దానివల్ల 150కీ ప్రమాదకరమైన 50కీ స్ట్రిప్ మీద తేడా ఉండదు. ఆసుపత్రిలో రోజంతా ఉంచి గీసే గ్లూకోజ్ వక్రరేఖకు మరో లోపం ఉంది: భయపడిన పిల్లికి మధుమేహం లేకపోయినా గ్లూకోజ్ పెరుగుతుంది, ఆ అంకెను నమ్మి మోతాదు పెంచితే ఇంటికి వచ్చాక చిక్కే. గత ఒకటి రెండు వారాల సగటును చూపే ఫ్రక్టోసమిన్ పరీక్ష ఆందోళన వల్ల మారదు, కానీ నిన్న సాయంత్రం గ్లూకోజ్ ఎంత కిందికి పోయిందో అది చెప్పలేదు. చర్మానికి అంటించే సెన్సర్ రాత్రింబవళ్లు అంకెలు ఇస్తుంది. పిల్లి ఊడబెరుక్కోవచ్చు, తక్కువ అంకెల దగ్గర అది కొంత తప్పు చూపవచ్చు.

ఇంట్లో చెవి అంచున తీసే రక్తపు చుక్కకే నా ఓటు. చెవిని వేళ్లతో కాస్త వెచ్చబరచి, లోపలివైపు మడతపెట్టిన దూదిని ఆనించి, అంచు వెంబడి పారే సన్నని నాళం పక్కన సూదితో గుచ్చితే ఆవగింజంత చుక్క వస్తుంది. స్ట్రిప్‌కు అది చాలు. తరువాత అరనిమిషం దూదితో నొక్కిపట్టి, పిండి లేని మాంసపు ముక్క పెడితే కొన్నాళ్లకు చాలా పిల్లులు తామే వచ్చి కూర్చుంటాయి. మనుషుల మీటర్లు పిల్లి రక్తంలో సాధారణంగా తక్కువ అంకె చూపుతాయి కనుక ఏ మీటరు వాడుతున్నారో వైద్యుడికి చెప్పి చివరిదాకా అదే వాడాలి. ఇంజెక్షన్‌కు ముందు మాత్రమే చూస్తే సరిపోదు. చాలా ఇన్సులిన్లకు సూది వేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య గ్లూకోజ్ అట్టడుగుకు చేరుతుంది, మోతాదు తగ్గించే నిర్ణయం ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

తగ్గింపు కూడా వైద్యుడి సలహాతో పావు, అర యూనిట్ చొప్పున సాగాలి. ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లుండే ఇన్సులిన్‌ను మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసిన సిరంజిలో అదే అంకె గీత దాకా లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ మందు పడుతుంది. మందు మార్చినప్పుడల్లా సిరంజి సరిచూడాలి. అంకె 60 కిందికి పోయి పిల్లి నీరసంగా ఉంటే, చిగుళ్లకు తేనె గానీ గ్లూకోజ్ ద్రావణం గానీ రాస్తూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మూడో దారైన నోటి మందులకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది: 2022లో బెక్సాగ్లిఫ్లోజిన్‌కు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్‌కు. సూది వేయలేని ఇళ్లకు అవి మేలే, కానీ అవి ఇంతకుముందు ఇన్సులిన్ తీసుకోని పిల్లులకు ఉద్దేశించినవి; పైగా గ్లూకోజ్ మామూలుగా కనిపిస్తున్నప్పుడే కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. ఇప్పటికే సూది మీద ఉన్న పిల్లిని వాటికి మార్చి ఇన్సులిన్ మాన్పించామనుకోవడం అడ్డదారి.

రెండో దారిని ఎంత నిష్ఠగా పాటించినా మోతాదు తగ్గకపోగా పెరుగుతూ పోతే, స్టెరాయిడ్లు వాడుతున్నారా, పళ్ల చిగుళ్లలోనో మూత్రంలోనో ఇన్ఫెక్షన్ ఉందా, పెరుగుదల హార్మోన్ అధికంగా ఉందా అని వైద్యుడు చూడాలి. రెమిషన్ వచ్చిన పిల్లులలోనూ కొన్నింటికి మధుమేహం తిరగబెడుతుంది కాబట్టి తక్కువ పిండి ఆహారాన్ని జీవితాంతం కొనసాగించాలి. వారానికొకసారి చెవి పరీక్ష చేస్తూ, నీళ్ల గిన్నె మునుపటికన్నా త్వరగా ఖాళీ అవుతోందేమో గమనిస్తూ, అంకె వరుసగా పెరిగితే ఆలస్యం చేయకుండా మళ్లీ ఇన్సులిన్ మొదలుపెట్టాలి.