సైడ్ వీల్స్ స్కూటీ: కాలు కింద పెట్టక్కర్లేదన్న మాట చాలావరకు నిజమే

సైడ్ వీల్స్ బండి అంటే స్కూటీ వెనక చక్రానికి అటొకటి ఇటొకటి రెండు చక్రాలు అదనంగా బిగించింది. అది వేయించుకుంటే ఆగినప్పుడు కాలు కింద పెట్టక్కర్లేదంటారు. నాకు అరవై దాటాయి, రెండు మోకాళ్ళూ అరిగాయి, ఉండేది విజయవాడ. పాత స్కూటీకే ఈ చక్రాల కిట్ బిగించి రెండేళ్ళు దాటింది.

దీంట్లో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే, సిగ్నల్ దగ్గర ఆగడం. ఇంతకుముందు బెంజి సర్కిల్లో ఎర్రలైటు పడితే చాలు టెన్షన్, ఎందుకంటే కుడికాలు ఆనించిన చోట గులకరాయి ఉన్నా, రోడ్డు కాస్త వాలుగా ఉన్నా మోకాలు పట్టు తప్పేది, దాదాపు నూరు కిలోల బండి మీదకొచ్చేది. కిట్ వేయించాక రెండు కాళ్ళూ పైనే పెట్టుకుని మహారాణిలా కూర్చునేదాన్ని. కొత్తలో ఈ ఒక్క సుఖం చూసే కనపడ్డవాళ్ళందరికీ వేయించుకోమని చెప్పాను.

అయితే వానాకాలం వచ్చింది. మా కాలనీ మెయిన్ రోడ్డు పొడుగునా పైపుల కోసం తవ్వి, మట్టి కప్పి వదిలేశారు. నాలుగు వానలకి ఆ మట్టి కుంగి, రోడ్డు వెంబడి కాలవలా గాడి పడింది. ఎదురుగా ఆటో వస్తే తప్పుకోబోయి అటు జరిగాను. మధ్యలో ఉండే అసలు వెనక చక్రం గాడిలోకి, సైడ్ చక్రాలు రెండూ గట్ల మీదకి వెళ్ళాయి. అంతే, బండి ఆగిపోయింది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిను గోల పెడుతుంది, చక్రం గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. వెనక స్కూలు బస్సు హారన్. మామూలు బండైతే కాళ్ళతో నెట్టుకుంటూ బయటపడతాం, ఆ కాళ్ళు పనిచేస్తే నాకీ కిట్టెందుకు చెప్పండి! చివరికి కొబ్బరిబోండాల కుర్రాడొచ్చి వెనక కడ్డీ పట్టుకుని లేపి పక్కకి పెట్టాడు.

మెకానిక్ చెప్తే గానీ తెలియలేదు, నాకు బిగించింది స్ప్రింగుల్లేని కిట్ అని. స్ప్రింగులుంటే గతుకుల్లో సైడ్ చక్రాలు పైకీ కిందకీ ఆడతాయి, మధ్య చక్రం నేలని వదలదు. బండిని నడిపేది మధ్య చక్రమే, వెనక బ్రేకు పట్టేదీ దాన్నే. అది నేలకి గట్టిగా ఆనకపోతే కదలకపోవడమే కాదు, బ్రేకు కూడా సరిగా పట్టదు. అసలు భయపడాల్సింది దానికి. సైడ్ చక్రాలు కాస్త పైకి బిగిస్తే ఆ బాధ తగ్గుతుందన్నాడు. తగ్గింది కూడా. కానీ అలా ఎత్తితే ఆగినప్పుడు బండి ఓ పక్కకి ఒరుగుతుంది, కాలు దానంతటదే కిందకి పోతుంది. అంటే నేను పొగిడిన సుఖంలో కొంత అక్కడే పోయింది.

మలుపుల్లో ఇంకో సంగతి. ఇది మామూలు స్కూటీలా మలుపువైపు వాలదు. వేగంగా తిప్పితే లోపలివైపు చక్రం లేచి బయటివైపుకి తోసేస్తుంది. నేనైతే నడకంత వేగానికి తగ్గించే తిప్పుతాను, వెనకవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ. వన్‌టౌన్ సందుల్లోకి అసలు తీసుకెళ్ళను, నడిచేవాళ్ళ కాళ్ళకి చక్రం తగులుతుంది, వాళ్ళలోనూ సగం మంది నా వయసువాళ్ళే.

కాగితాల విషయం చాలామంది పట్టించుకోరు. మార్పు ఆర్‌సీలో (బండి రిజిస్ట్రేషన్ కాగితంలో) ఎక్కించుకోండి, లేకపోతే రేపు ఇన్సూరెన్సు క్లెయిముకి వెళ్తే పేచీ పెడతారు. యాభై అయిదు దాటాక లైసెన్సు రెన్యువల్ ఐదేళ్ళకే ఇస్తారు, డాక్టరు సంతకంతో ఫారం 1ఎ, అంటే మెడికల్ సర్టిఫికెట్ కూడా కావాలి.

వేయించుకోవచ్చా అంటే, నా తిరుగుడు రైతుబజారు, బ్యాంకు, గుడి, అంతా చదును రోడ్డే. కళ్ళు, చెవులు బాగున్నాయి, ఇబ్బందల్లా కాళ్ళకే. నాకు సరిపోయింది. మా అన్నయ్య అడిగితే మాత్రం వద్దన్నాను, వాళ్ళ ఊరి రోడ్డు చూశాను కాబట్టి. వేయించుకునేవాళ్ళు స్ప్రింగులున్న కిట్టే అడగండి. నాదింకా పాతదే, ఎడమవైపు చక్రం మాత్రం కొంచెం ఎక్కువ ఎత్తించాను. ఒరిగితే అటే ఒరుగుతుంది, ఎడమ మోకాలు ఇంకా కాస్త మాట వింటోంది.