కషాసానా, అగ్రికోలా?

చిత్తూరు పల్లెల్లో బెల్లం గానుగ దగ్గర నిలబడి పచ్చి చెరకు రసం తాగినవాళ్లకు ఆ గడ్డివాసన గుర్తుండే ఉంటుంది. మన దగ్గర దొరికే రమ్ము ఎక్కువగా మొలాసిస్‌తో, అంటే చక్కెర తీశాక మిగిలే మడ్డితో చేసిందే కాబట్టి అందులో అది రాదు. రసంతోనే చేసేవాటిలో పేరున్నవి రెండు: కషాసా, అగ్రికోల్ రమ్ము.

బ్రెజిల్ కషాసాలో ఆల్కహాల్ 38 నుంచి 48 శాతం. నిమ్మకాయ ముక్కలు, చక్కెర కలిపి నలిపి, ఐసు వేసి పోస్తే కైపిరీన్యా. ఎండాకాలానికి హాయిగా ఉంటుంది, కానీ చక్కెర ఎక్కువైతే చెరకు వాసన పోతుంది.

నా ఓటు కరీబియన్‌లోని ఫ్రెంచి దీవి మార్టినీక్ అగ్రికోల్‌కే. దానికి 1996లో ఫ్రాన్స్ ఏఓసీ గుర్తింపు (ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలో చేసిందే అనే ముద్ర) దక్కింది. చెంచాడు చెరకు పాకం, పిండిన నిమ్మ చెక్క, ఐసు లేకుండా దానితో తీ పంచ్ అనే కాక్‌టెయిల్ కలిపితే గానుగ వాసన నేరుగా ముక్కుకు తగులుతుంది. చాలా సీసాల్లో 50 శాతం ఉంటుంది, మెల్లగా తాగాలి.