కోళ్ల దొడ్లో కట్టె చిప్స్: కొన్నేండ్లు వాడినంక నా రివ్యూ

సూటిగ చెప్తున్న, జాలీ కట్టి పైన కప్పు లేకుండ కోళ్లను వదిలే జాగాల మన వరంగల్ వానలకు ఆగేది బొటనవేలంత సైజున్న కొత్త కట్టె చిప్స్ ఒక్కటే. ఊక, రంపపు పొట్టు, ఇసుక, ఎండాకులు అన్నీ వాడి చూసిన, దేని పని దానికున్నది కానీ ముసురు పట్టి దినాల కొద్దీ వదలకుంటే తట్టుకునేది మాత్రం చిప్సే. హన్మకొండ, కాజీపేట దిక్కు ఇంటెనుక పెరట్ల పది పదిహేను కోళ్లు పెంచుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు, కొందరివి వనరాజ, గ్రామప్రియ, ఇంకొందరివి అసీల్, ఏ జాతి అయినా జూలై వచ్చిందంటే అందరిదీ ఒకటే బాధ, బురద, వాసన, ఈగలు. అందుకే ఇంత ఇవరంగ రాస్తున్న.

ముందు ఊక సంగతి. మన దగ్గర రైస్ మిల్లులకు కొదువ లేదు, ఊక సులువుగ దొరుకుతది, షెడ్లల్ల అందరు పోసేది అదే. రేకుల కింద, గూడు లోపల అది మంచిదే, నేనిప్పటికీ లోపల ఊకనే పోస్త. బయట పోస్తే మాత్రం ఎండకాలం గాలికి లేచి పక్కింటోళ్ల వాకిట్ల పడ్తది, వానకాలం కోళ్లు తొక్కి తొక్కి మట్టిల కలిపేస్తయి, ఇగ నీళ్లు కిందికి దిగక పెంటతోటి కలిసి అట్ట కడ్తది. రంపపు పొట్టు ఇంకా అధ్వాన్నం. సామిల్లోళ్లు అగ్గువకే ఇస్తరు గానీ తడిస్తే ముద్ద, ఎండితే దుమ్ము, చిన్న కోడిపిల్లలైతే మేత అనుకొని తింటయి. వడ్రంగి రందా పట్టంగ వచ్చే చుట్టల పొట్టు దానికన్న నయం, అదీ కప్పు కిందికే.

చిప్స్ ఎందుకు పనిచేస్తయంటే, ముక్కకు ముక్కకు నడుమ సందు ఉంటది, వాన నీళ్లు ఆ సందులకెల్లి కిందికి దిగిపోతయి, కోడి నిలబడే పై పొర తొందరగ ఆరుతది. పెంటల ఉండే నైట్రోజన్, కట్టెల ఉండే కార్బన్ రెండు కలిసి మెల్లగ మురిగి మట్టయితయి, అందుకే కండ్లు మండే అమోనియా వాసన తక్కువ. తడి తగ్గితే కోళ్లకు రక్తపు పారుడు తెచ్చే కాక్సిడియా జోరు కూడ తగ్గుతది, ఆ రోగానికి వెచ్చగ తడిగ ఉండే నేలనే కావాలె. అట్లని చిప్స్ పోసినంక రోగమే రాదని కాదు, కొక్కెర రోగం టీకా గిట్ల వేయించుడు తప్పది.

ఇంకో సంతోషం ఏందంటే కోళ్లకు పని దొరుకుతది. పొద్దున తలుపు తీయంగనే పెట్ట రెండు కాళ్లతోటి చిప్స్‌ను ఎనకకు గీరుతది, ఒక అడుగు ఎనకకు జరిగి తల వంకర పెట్టి ఆ గుంతలకు చూస్తది, చెద కనపడ్డదా టక్కున పొడుస్తది. మన ఊర్లల్ల పెండ నింపిన కుండ బోర్లించి, పట్టిన చెదలను కోడిపిల్లలకు మేపుతరు కదా, ఇక్కడ ఆ పని కోళ్లే చేసుకుంటయి.

ఏ కట్టె అన్నది మస్తు ముఖ్యం. వేప, మామిడి, సుబాబుల్ మంచిగున్నయి. తుమ్మ గట్టిది, ఎక్కువ కాలం ఆగుతది, కానీ మొద్దు వరకే కొట్టించాలె, ముండ్ల కొమ్మలు పడితే కోడి పాదం కింద గుచ్చుకొని చీము గడ్డ అయితది, అది మానేసరికి నెలలు పడ్తది. పేపర్ మిల్లుకు పోయే జామాయిల్ కూడ వాడొచ్చు, బెరడు మాత్రం ఒలిపియ్యాలె, ఆ పీచు బెరడు తడి పట్టుకొని బూజు పడ్తది. గన్నేరు కొమ్మ ఒక్కటి కూడ కలవనియ్యొద్దు, ఆ చెట్టు నిలువెల్ల విషమే. పాత తలుపులు, ప్లైవుడ్, పెయింట్ వేసిన చెక్క అసలే వద్దు, మొలలు, రంగు పెచ్చులు, జిగురు అన్నీ అండ్లనే ఉంటయి. పత్తి కట్టె ఉట్టిగనే వస్తది, ముక్కలు కొట్టించి పోయొచ్చని చెప్తరు, కానీ అది మెత్తది, తొందరగ పొడి అయితది, పైగ మందులు కొట్టిన పంట, నాకు మనసొప్పదు.

కొనే ముందు కుప్పల చెయ్యి పెట్టి చూడాలె. లోపల వేడి కొడుతుంటే, తెల్ల పొడి లేస్తుంటే, ముక్కిన వాసన వస్తుంటే ఆ లోడ్ వాపస్ పంపుడే. ఆ బూజు గాలిల కలిసి కోడి ఊపిరితిత్తులల్ల దిగితే మందుతోటి బాగయ్యేది కాదు. అందుకే కొట్టిన చిప్స్‌ను తాటిపత్రి కింద నిల్వ పెట్టకుండ వచ్చిన్నాడే పరవాలె. వానలకు ముందు కరెంటోళ్లు తీగల కింద కొమ్మలు కొడ్తరు, చెట్లు కొట్టేటోళ్లను ఒక మాట అడిగి పెట్టుకుంటే కట్టె దొరుకుతది, ముక్కలు చేసే మిషిన్ కిరాయికి తెచ్చుకోవచ్చు. లెక్క కష్టమేం కాదు, పది బై పదిహేను అడుగుల జాగాకు అర అడుగు మందం పోయాలంటే 75 ఘనపుటడుగులు. తొక్కుడుకు అది కిందికి దిగుతది, మల్ల వానలకు ముందు కొంచెం పైన పోసుకోవాలె.

పోసే ముందు నేల వాలు చూడాలె. నీళ్లు ఆగే గుంతల ఎన్ని చిప్స్ పోసినా కుళ్లుడే. 2023 జూలైల ములుగు దిక్కు లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 64 సెంటీమీటర్లకు పైన పడ్డది చూడు, ఆ వానలకు మా గల్లీల నీళ్లు పారి, చిప్స్ తేలి అన్నీ ఒక మూలకు జాలీకి ఆనినయి. అప్పటి నుంచి చుట్టూ రెండు వరుసల ఇటుక కట్ట పెట్టి, నీళ్లు పోవుటానికి ఒక దిక్కు సందు వదిలిన, మంచిగ పనిచేస్తున్నది.

ఇబ్బందులు కూడ ఉన్నయి. చెదలు కోళ్లకు మేతనే గానీ దర్వాజాకు పట్టినయంటే నష్టం, ఇంటి గోడకు దూరంగ పోయాలె, జాలీకి కట్టె గుంజలు కాకుండ రాతి కడీలు పాతాలె. తేళ్లు, జెర్రులు దాసుకుంటయి, దంతెతోటే తిప్పాలె గానీ చెయ్యి పెట్టొద్దు. మట్టి స్నానం చేసేటందుకు చిప్స్ మీద కుదరదు, ఒక మూల ఎర్రమట్టిల పొయ్యి బూడిద కలిపి వదిలిపెట్టాలె. మొదటిసారి ఖర్చు ఊక కన్న ఎక్కువే, కానీ ఏడాది దాటినంక అడుగున నల్లటి మట్టి తయారైతది, జల్లెడ పట్టి కొన్ని నెలలు ఆరబెట్టి వంకాయ, బీర పాదులకు వేస్తున్న, ఎరువు కొనుడు బందయింది.

కింద సిమెంటు ఉండి పైన రేకులుంటే మీకిది అక్కర లేదు, ఊకనే చాలు. పిల్లల కోడిని కూడ నేను మొదటి నెల చిప్స్ మీదికి వదల, పిల్లల కాళ్లు గట్టిపడేదాక లోపల ఊక మీదనే ఉంచుత.