మాస్టారి పాపారాయుడితో బొబ్బిలి దాకా

డ్రాయింగ్ మాస్టారు పోయాక వాళ్లావిడ నా చేతిలో పెట్టిన బిస్కెట్ డబ్బాలో సగం చేసిన సిపాయి బొమ్మ ఉంది. 54 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మ. కొన్నప్పుడు అది నెపోలియన్ కాలపు ఫ్రెంచి సిపాయి. మాస్టారు దాని పొడుగు టోపీ కోసేసి, ఎం-సీల్‌ని దారంలా పేని తలపాగా చుట్టారు. కోటు తోకలు అరగదీసి పంచె కట్టారు. తుపాకీ పట్టిన చెయ్యి తీసేశారు గానీ, కత్తి పట్టే చెయ్యి పెట్టకుండానే వెళ్లిపోయారు. డబ్బా అడుగున ఒక చీటీ: "రాజాం నుంచి వచ్చినవాడు. కోపం కన్నా దుమ్ము కనపడాలి."

బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులూ విజయనగరం రాజు విజయరామరాజు సైన్యమూ కలిసి బొబ్బిలి కోటను కూల్చినప్పుడు ఆయన రాజాంలో ఉన్నాడు. ఆ తర్వాత ఓ రాత్రి డేరాలో దూరి విజయరామరాజును పొడిచాడు. విజయనగరంలో పుట్టి పెరిగిన మాస్టారు, తన ఊరి రాజును చంపినవాడి బొమ్మకే ఆఖరి రోజులన్నీ ఇచ్చారు. గుండుసూదిని సుత్తితో చదును చేసి కత్తి చేశాను, భుజంలో రాగితీగ గుచ్చి చెయ్యి నిలబెట్టాను. దుమ్ము కోసం మాత్రం బయల్దేరాల్సి వచ్చింది.

విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది, కానీ పొద్దున్న ఏడు దాటితే వేడినీళ్లు రావు. రంగుల పనికి బల్ల కావాలంటే అక్కడి కుర్రాడు మారుమాట లేకుండా తెచ్చాడు, నాకదే పెద్ద సౌకర్యం. కోటకి 1713లో, విజయనామ సంవత్సరం విజయదశమి నాడు శంకుస్థాపన చేశారు. ఇప్పుడు లోపల కాలేజీ నడుస్తోంది. బురుజుల కోసమైనా వెళ్లాలి.

మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి గుడి. అమ్మవారు విజయరామరాజు చెల్లెలనీ, అన్న చావు తెలిసి ప్రాణం విడిచిందనీ ఇక్కడివాళ్ల నమ్మకం. డబ్బా సంచిలోనే ఉంచి దణ్ణం పెట్టుకున్నాను. ఆ బొమ్మని అక్కడ బయటికి తియ్యడానికి మనసొప్పలేదు.

రాజాం బస్సులో కాలు పెట్టే చోటు లేదు. దారంతా డబ్బా ఒళ్లోనే, కత్తి విరుగుతుందేమోనని ఒకటే టెన్షన్. ఊరి చివర మట్టిదారిలో రెండు చెంచాల దుమ్ము ఎత్తుకుని బొబ్బిలి బస్సెక్కాను. అది ఖాళీగా వచ్చింది.

బొబ్బిలిలో బస గురించి చెప్పాలంటే, కుటుంబంతో వచ్చేవాళ్లు విజయనగరంలో ఉండి పొద్దున్న రావడమే మేలు. నాకు దొరికిన గదిలో కిటికీ తలుపు పడదు, రాత్రంతా దోమలు. అయినా తెల్లవారి బొబ్బిలి యుద్ధ స్మారక స్తంభం దగ్గర ఒంటరిగా నిలబడాలంటే ఇక్కడే పడుకోవాలి. ఇప్పుడున్న కోట యుద్ధం తర్వాత కట్టింది, కాబట్టి పాపారాయుడి కోసం వచ్చేవాళ్లు ముందు స్తంభం దగ్గరికే వెళ్లండి.

దానికంటే ముందు రోజు సాయంత్రం ఆటోలో గొల్లపల్లి వెళ్లాను. ఒకే పనసదుంగని తొలిచి వీణ చేసే ఊరు. ఒకాయన కుండ భాగం లోపల ఉలితో చెక్కుతుంటే పచ్చటి పొట్టు మోకాళ్ల మీద రాలుతోంది. బొమ్మ చూసి "ఏటి బాబూ, మన పాపారాయుడే?" అన్నాడు. పీఠానికి ముక్క కావాలని అడిగితే, పొట్టులో వెతికి నాలుగు వేళ్ల వెడల్పున్న చెక్క తీసి, అంచులు గుండ్రంగా చెక్కి ఇచ్చాడు. డబ్బులు పుచ్చుకోలేదు. ఈ ప్రయాణంలో నాకందిన మంచి సేవ ఏదంటే అదే చెప్తాను.

1891లో కట్టించిన యుద్ధ స్మారక స్తంభం దగ్గర పొద్దున్నే ఎవరూ లేరు. మెట్టు మీద కూర్చుని, ఫెవికాల్‌లో నీళ్లు కలిపి, రాజాం దుమ్ముని సన్న బ్రష్‌తో పాదాలకి, పిక్కలకి అద్దాను. మాస్టారైతే పంచె అంచుకి ఇంకాస్త పట్టించేవారు. పట్టించాను.