గోడౌన్ నిండా స్టాకా, సప్లయర్ల సమాచారమా: ఏది మేలు?

సరుకు రాక హఠాత్తుగా ఆగిపోతే తట్టుకోవడానికి వ్యాపారంలో ఉన్నవాళ్లు రెండు దారులు చెబుతారు. ముందే ఎక్కువ కొని గోడౌన్‌లో వేసుకోవడం ఒకటి. ఏ సరుకు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది, వాళ్లకు ఎక్కణ్నుంచి వస్తోంది అన్నది కంప్యూటర్లో ఎప్పటికప్పుడు కనిపించేలా పెట్టుకోవడం రెండోది. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే? ముందు రెండోదానికే పెట్టమంటాను. టయోటా కథ చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆ కంపెనీ రెండు దారులూ తొక్కింది, రెంటి హద్దులూ చూసింది.

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చినప్పుడు తనకు నేరుగా విడిభాగాలిచ్చే కంపెనీలు ఏవో టయోటాకు బాగా తెలుసు. వాటికి సరుకిచ్చేవి, ఆ కింది అంచెల్లో ఉన్నవి ఏవో సరిగా తెలియదు. ఇబరాకీలో రెనెసాస్ కంపెనీ నాకా ఫ్యాక్టరీ దెబ్బతినడంతో కార్లకు కావలసిన మైక్రోకంట్రోలర్ చిప్‌లు ఆగిపోయాయి. పై అంచెలో నలుగురు సప్లయర్లు ఉన్నారని ధీమాగా ఉంటే ఏం లాభం, కింద ఆ నలుగురూ ఒకే ఫ్యాక్టరీ మీద బతుకుతున్నప్పుడు? జపాన్ బయటి ప్లాంట్లలో ఉత్పత్తి మళ్లీ మామూలు స్థాయికి రావడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ దెబ్బతో టయోటా 'రెస్క్యూ' అనే డేటాబేస్ కట్టుకుంది. ఏ విడిభాగం ఏ ఊళ్లో, ఏ ఫ్యాక్టరీలో తయారవుతోందో కింది అంచెల దాకా అందులో ఎక్కించింది. ఎక్కడైనా భూకంపం వస్తే అక్కడున్న ఫ్యాక్టరీలేవో, ఏ భాగాలకు ముప్పుందో వెతికి చూసుకోవచ్చు.

స్టాక్ విషయానికొస్తే, చిప్‌లు ఇచ్చే సప్లయర్లను రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా నిల్వ ఉంచమని అడిగింది. ఆర్డరిచ్చాక అందడానికి ఎంతకాలం పడుతుందో దాన్నిబట్టి ఈ లెక్క. 2021 మొదట్లో చిప్‌ల కరువుతో మిగతా కార్ల కంపెనీలు లైన్లు ఆపుతుంటే టయోటా చాలాకాలం నిలదొక్కుకుంది. కాబట్టి స్టాక్ దండగ అని నేననను. అయితే అన్ని భాగాలకూ ఆరు నెలల నిల్వ పెట్టాలంటే ఎంత పెద్ద కంపెనీకైనా పెట్టుబడి మొత్తం అక్కడే ఇరుక్కుపోతుంది. దేనికి పెట్టాలో తేల్చేది సమాచారమే. పైగా ఎంత నిల్వ ఉన్నా ఒకనాటికి అయిపోతుంది. ఆగ్నేయాసియాలో కోవిడ్ మళ్లీ విజృంభించాక, 2021 సెప్టెంబరు నెల ప్రపంచవ్యాప్త ఉత్పత్తిని 40 శాతం తగ్గిస్తున్నట్టు టయోటా కూడా ప్రకటించక తప్పలేదు.

సమాచారం ఉంటే సరిపోదు, దాన్ని చూసి కదిలేవాళ్లు ఉండాలి. 2000 మార్చిలో అమెరికాలోని అల్బుకర్కీలో పిడుగు పడి ఫిలిప్స్ చిప్‌ల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. నిమిషాల్లో ఆరిపోయాయి. కానీ పొగ, నీళ్లు క్లీన్ రూమ్‌ను, అంటే దుమ్ము చేరకుండా చిప్‌లు తయారుచేసే గదిని, పాడుచేశాయి. వారం ఆలస్యమవుతుందన్న కబురు ఆ చిప్‌లు కొనే మొబైల్ ఫోన్ కంపెనీలు నోకియాకూ వెళ్లింది, ఎరిక్సన్‌కూ వెళ్లింది. నోకియా ఆ చిప్‌లను ప్రత్యేక నిఘాలో పెట్టి రోజూ ఆరా తీసింది, వేరే చోట్ల తయారీకి పరుగులు పెట్టింది. ఎరిక్సన్ మేలుకునేసరికి వేరే దారి లేదు. సుమారు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయి.

ఇక సిస్టమ్‌ను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో కూడా టయోటాయే చూపించింది. 2022లో కొజిమా అనే సప్లయర్ మీద సైబర్ దాడి జరిగితే మార్చి 1న జపాన్‌లోని 14 ప్లాంట్లూ ఆగాయి. 2023 ఆగస్టు 29న దాడి కూడా లేదు. మెయింటెనెన్స్‌లో విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో డిస్కు చోటు చాలలేదు. బ్యాకప్ కూడా అదే సిస్టమ్ మీద ఉండటంతో అదీ పడిపోయింది. మళ్లీ 14 ప్లాంట్లూ బంద్. గోడౌన్‌లో సరుకున్నవాడికి ఈ రకం కష్టం రాదు. స్టాక్ వైపు వాదనలో నాకు బలంగా కనిపించేది ఇదే.

అయినా చిన్న వ్యాపారానికి నా సలహా మారదు. హైదరాబాద్‌లో చైనా ముడిసరుకు మీద నడిచే బల్క్ డ్రగ్ (మందుల్లో పనిచేసే అసలు రసాయనం) యూనిట్‌నే తీసుకోండి. ఇద్దరు ట్రేడర్ల దగ్గర కొంటున్నాం కదా అని నిశ్చింతగా ఉంటే, ఆ ఇద్దరికీ సరుకు ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఉండొచ్చు. తెలుసుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీట్‌లో సరుకు పేరు, తయారీదారు, ఊరు, ఆర్డరిచ్చాక ఎన్ని రోజులకు వస్తుంది, వేరేవాళ్లు ఎవరిస్తారు అని రాసుకుంటే చాలు. 'వేరేవాళ్లు' గడి ఖాళీగా ఉన్న సరుకులకు మాత్రం స్టాక్ పెట్టండి, అదీ వచ్చేందుకు ఎక్కువ రోజులు పట్టేవాటికి ముందు. ఆ షీట్ ప్రింటు, ఫోన్ నంబర్లతో సహా, పర్చేజ్ డెస్కులో ఉండాలి. ఏడాదికి ఒక రోజైనా కంప్యూటర్ కట్టేసి, ఆ కాగితంతోనే ఆర్డర్లు వెళ్తున్నాయో లేదో చూసుకోండి.