టికెట్ కొనండి, జెర్సీ వద్దు: మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ సీజన్ పాస్, రెండేళ్ళ అనుభవం

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. ఐదుకు మూడున్నర స్టార్లు. ఇంట్లో పిల్లలుంటే టికెట్ కొనండి. వెనక ఆటగాడి పేరున్న జెర్సీ మాత్రం కొనకండి. ఎందుకో కింద రాశాను, కొంచెం పొడుగ్గానే వచ్చింది.

ఇది నేను ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీ. మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్‌లో ఉంది, అందరూ మ్యాక్ అంటారు. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి. ఒహాయో, మిషిగన్ వైపు చదువుకున్న మనవాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. యూనివర్సిటీ పేరు రాయను, డిపార్ట్‌మెంట్‌లో ఇంకా తెలిసినవాళ్ళున్నారు. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. మా ఆయన దృష్టిలో క్రికెట్ తప్ప మిగతావేవీ ఆటలు కావు. నన్ను ఇందులోకి లాగింది పదేళ్ళ మా చిన్నోడు.

2025 సీజన్‌కి ఫ్యామిలీ ప్యాక్ తీసుకున్నాం. నాలుగు సీట్లు, ఆరు హోమ్ మ్యాచ్‌లు, 340 డాలర్లు. అంతకు ముందు ఏడాది ఇదే ప్యాక్ 280. పెరిగిన 60కి బిల్లులో ‘ఫెసిలిటీ ఫీజు’ అని పేరు పెట్టారు. సీట్లూ అవే, బాత్రూమ్ లైనూ అదే, మరి ఏ ఫెసిలిటీయో అర్థం కాలేదు. పార్కింగ్‌కి మ్యాచ్‌కి 10 డాలర్లు వేరే. అయినా లెక్క వేస్తే ఒక్కో సీటుకి మ్యాచ్‌కి 14 డాలర్ల చిల్లర, సినిమా టికెట్టంతే. మా ఆఫీసు క్లయింట్ దయవల్ల ఒకసారి కొలంబస్‌లో ఒహాయో స్టేట్ మ్యాచ్ చూశాను. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం అది. మేం కూర్చున్న చోటు నుంచి ఆటగాళ్ళు చీమల్లా కనిపించారు, ఆటంతా పెద్ద స్క్రీన్‌లోనే చూశాం.

ఇక్కడ తొమ్మిదో వరుసలో కూర్చుంటే చప్పుళ్ళు వినిపిస్తాయి. ఇద్దరు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటే బస్తాడు కొబ్బరికాయలు అటక మీద నుంచి జారి పడినట్టు ఉంటుంది. కోచ్ తిట్లు కూడా వినిపిస్తాయి (చిన్నోడి ఇంగ్లిష్ బాగా ఇంప్రూవ్ అయింది). ప్రతి ఆటగాడి మణికట్టుకీ టేపు, దాని మీద స్కెచ్ పెన్‌తో రాసుకున్న అమ్మ పేరో, ఏదో ఓ తేదీనో. మ్యాచ్ అయ్యాక పిల్లల్ని గ్రౌండ్‌లోకి వదులుతారు. చెమటలు కక్కుతున్న కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని చిన్నోడి టోపీ మీద సంతకం పెట్టాడంటే, ఆ పూటకి 14 డాలర్లు గిట్టుబాటైనట్టే. బ్యాండ్‌కి అయితే విడిగా ఐదు స్టార్లు.

బయటి తిండి లోపలికి రానివ్వరు, బ్యాగ్ కూడా పారదర్శకంగా ఉండాలి. నా పులిహోర డబ్బా మొదటి మ్యాచ్‌లోనే గేటు దగ్గర దొరికిపోయింది. ఆ తరవాత నుంచి అందరిలాగే పార్కింగ్‌లో డిక్కీ ఎత్తుకుని తిని వెళ్తున్నాం. పక్క కారు పెద్దాయనది. వయసు డెబ్భై దాటి ఉంటుంది, ఇదే కాలేజీలో చదివాడు. మా చికెన్ పకోడీకి ఆయన సాసేజ్‌లు, ఇప్పటికి రెండేళ్ళుగా నడుస్తోంది ఈ వస్తుమార్పిడి. ఆయన కారులో ఓ అట్టపెట్టె ఉంటుంది, నిండా పాత మ్యాచ్ ప్రోగ్రామ్ పుస్తకాలు. ఓసారి ఒకే కుర్రాడి ఫొటోలు నాలుగు పుస్తకాల్లో తీసి వరసగా పెట్టి చూపించాడు. మొదటి ఏడాది సన్నటి మెడ, బెదురు చూపు. నాలుగో ఏడాదికి మెడ స్తంభంలా అయింది. ‘ఇప్పుడు పేర్లు నేర్చుకోవడం మానేశానమ్మా, నంబర్లే గుర్తుపెట్టుకుంటా’ అన్నాడు. అప్పుడది ముసలాయన సణుగుడు అనుకున్నాను. జెర్సీ దెబ్బ తగిలాక గానీ నాకు తెలిసిరాలేదు.

2024 సెప్టెంబర్‌లో చిన్నోడికి 24 నంబర్ జెర్సీ కొన్నాం. 85 డాలర్లు. అందులో కొంత ఆటగాడికీ వెళ్తుందన్నారు. తమ పేరు, ఫొటో వాడుకుని కాలేజీ ఆటగాళ్ళు సంపాదించుకోవచ్చని 2021 జూలై నుంచి రూలు మారింది కదా, సంతోషంగానే ఇచ్చాను. 24 నంబరు రన్నింగ్ బ్యాక్. బంతి చంకలో పెట్టుకుని సంతలో తప్పించుకున్న గిత్తలా పరిగెత్తేవాడు. చిన్నోడు జెర్సీ ఉతకనిచ్చేవాడు కాదు. డిసెంబర్‌లో ఒక రోజు స్కూల్ నుంచి వచ్చి, బ్యాగ్ పడేసి, ‘పోర్టల్‌లోకి వెళ్ళిపోయాడమ్మా’ అన్నాడు. పోర్టల్ అంటే వేరే కాలేజీకి మారతామని ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే జాబితా. పూర్వం మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2024 నాటికి ఆ బాధ లేదు, చదువులో పాసవుతూ ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. మా 24 ఒక పెద్ద కాన్ఫరెన్స్ స్కూల్‌లో (ఇక్కడ యూనివర్సిటీని కూడా స్కూల్ అనే అంటారు) తేలాడు. జెర్సీకి రిటర్న్ పాలసీ 30 రోజులే.

దీనికి నేను కుర్రాణ్ణి తప్పు పట్టను. మోకాలు ఒక్కసారి తిరగబడితే అయిపోయే కెరీర్ అది. ఐటీలో పది శాతం హైక్ ఎక్కువిస్తామంటే మనం జంప్ కొట్టమా? ఇన్నేళ్ళూ కోచ్‌లు కోట్లు తీసుకుంటుంటే ఆడేవాళ్ళకు స్కాలర్‌షిప్పూ భోజనమూ ఇచ్చి సరిపెట్టారు. వాళ్ళకు డబ్బు ఇవ్వాల్సిందే. నా గోలంతా ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, మాలాంటి స్కూల్ దగ్గర ఎంత మిగులుతోంది అనే.

2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఒక ఒప్పందానికి ఆమోదం తెలిపారు. హౌస్ కేసు అంటారు, గ్రాంట్ హౌస్ అనే స్విమ్మర్ వేశాడు. దాంతో ఆ జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో స్కూల్ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పరిమితి అన్నారు గానీ అంత ఎవరిస్తారు? పెద్దవాళ్ళు ఇస్తారు. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ 2022లో చేసుకున్న టీవీ ఒప్పందం ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైమాటే. మ్యాక్ ఒప్పందం పదమూడేళ్ళకు 10 కోట్ల డాలర్ల పైచిలుకు అని 2014లో వార్తలొచ్చాయి. డజను స్కూళ్ళు పంచుకుంటే ఒక్కోదానికి ఏడాదికి పది లక్షలు కూడా రావు. ఇక అదే ఒప్పందంలో పాత ఆటగాళ్ళకు పదేళ్ళలో ఇవ్వాల్సిన బాకీ దాదాపు 280 కోట్ల డాలర్లు. అందులో కొంత భాగం కోసం కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అన్ని కాన్ఫరెన్స్‌లకూ పంచే డబ్బులో కోత పెట్టింది, చిన్నవాటికి కూడా. పెళ్ళి భోజనం వాళ్ళు చేశారు, విస్తళ్ళ బిల్లులో మాకూ వాటా వేశారు.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు 2025 అక్టోబర్‌లో ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. మంకీ క్యాప్, పైన శాలువా, చేతిలో వేడి కాఫీ. రెండో క్వార్టర్ దాకా చూసి, ‘ఏమే, ఈ పిల్లలకు జీతాలిస్తారటే?’ అంది. పైన రాసిందంతా నాకు చేతనైనట్టు చెప్పాను. అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, ‘మన వీధి చివర మాస్టారి గారబ్బాయికి టెన్త్‌లో ర్యాంకు రాగానే విజయవాడ కాలేజీ వాళ్ళు ఫీజు లేకుండా ఎత్తుకుపోయారు చూడు, అదే కదా’ అంది. అచ్చం అదే. పదేళ్ళు అక్షరాలు దిద్దించిన ఊరి స్కూల్‌ని ఎవరూ తలుచుకోరు, హోర్డింగ్ మీద ఫొటో మాత్రం విజయవాడ కాలేజీది. యూరప్ సాకర్‌లో అయితే ఆటగాణ్ణి తీసుకెళ్ళే క్లబ్ పాత క్లబ్‌కు రుసుము కడుతుంది. ఇక్కడ ఆ పద్ధతి ఇంకా స్థిరపడలేదు.

చిన్న స్కూళ్ళకు డబ్బొచ్చే ఇంకో దారి ఉంది, అది మీ సీజన్ పాస్‌లో కనిపించదు. సెప్టెంబర్‌లో పెద్ద స్కూల్ ఊరెళ్ళి వాళ్ళ చేతిలో దెబ్బలు తిని, చెక్కు తీసుకుని రావడం. 2024 సెప్టెంబర్ 7న అప్పటికి మ్యాక్‌లోనే ఉన్న నార్తర్న్ ఇల్లినాయ్ ఇలాగే నోటర్‌డామ్‌కి వెళ్ళింది, ఫీజు 14 లక్షల డాలర్లు. పైన చెప్పిన టీవీ వాటా కంటే ఈ ఒక్క చెక్కు పెద్దది. ఓడిపోవడానికి పిలిస్తే వీళ్ళు వెళ్ళి 16-14తో గెలిచారు. చివర్లో నోటర్‌డామ్ కొట్టిన కిక్‌ను గాల్లోనే ఆపేశారు, నార్తర్న్ ఇల్లినాయ్ కోచ్ టీవీలో ఏడ్చేశాడు, నేనూ ఏడ్చాను, సంబంధం లేకపోయినా. ఓడిన నోటర్‌డామ్ ఆ ఏడాది జాతీయ ఫైనల్ దాకా వెళ్ళింది. గెలిచిన జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపించేవాడు) ఈథన్ హ్యాంప్టన్ సీజన్ అయ్యాక అదే రాష్ట్రంలోని బిగ్ టెన్ స్కూల్ ఇల్లినాయ్‌కి మారిపోయాడు. ఇంకా కింది మెట్టు మీద ఉన్నవాళ్ళయితే స్థాయే మార్చుకుంటున్నారు. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ యూనివర్సిటీ 2025 మార్చిలో అన్నిటికన్నా పై స్థాయి డివిజన్ 1 వదిలేసి కింద ఉన్న డివిజన్ 3కి వెళ్తామని ప్రకటించింది. అక్కడ ఆట కోసం స్కాలర్‌షిప్పులే ఉండవు.

ఇంకో లోటు నవంబర్ మ్యాచ్‌లు. శనివారం టీవీ పెద్దవాళ్ళకే కాబట్టి మాకు మంగళ, బుధవారాలు రాత్రి ఇస్తారు. దీనికి ‘మ్యాక్షన్’ అని ముద్దు పేరు కూడా ఉంది. టీవీలో చూడ్డానికి బాగుంటుంది. అల్యూమినియం బెంచీ మీద మైనస్ రెండు డిగ్రీల్లో కూర్చుని చూసేవాళ్ళకు ముద్దేమీ అనిపించదు. యాడ్స్ వచ్చినప్పుడల్లా ఎర్ర టోపీ మనిషి ఒకడు గ్రౌండ్‌లోకి వచ్చి నిలబడతాడు, అతను కదిలేదాకా ఆట కదలదు. రాత్రి పదకొండున్నరకి ఇంటికి చేరితే పొద్దున్నే స్కూల్. కుషన్ తీసుకెళ్ళండి, రెండు జతల సాక్సులు వేసుకోండి. స్టేడియానికి నేను తగ్గించిన అర స్టార్ దీనికే.

మిగిలిన స్టార్ రెన్యూవల్ పేజీకి. ఈ ఏడాది కార్ట్‌లో ‘ఆటగాళ్ళ నిధికి నెలకు 25 డాలర్లు’ అన్న లైన్‌కి ముందే టిక్ పెట్టి ఉంచారు. చూడకుండా నొక్కితే ఏడాదికి 300, దాదాపు ఇంకో సీజన్ పాస్. అడిగితే ఇచ్చేదాన్నేమో, ఇలా చేస్తే ఒళ్ళు మండదా? పైగా నేను ఇదివరకే ఇచ్చాను! ఎమ్మెస్‌లో టీఏగా (టీచింగ్ అసిస్టెంట్) ట్యూషన్ మాఫీ అయినా సెమిస్టర్ బిల్లులో ‘జనరల్ ఫీజు’ ఉండేది. బియ్యం బస్తా నలుగురం పంచుకునే రోజులు. ఆ ఫీజులో కొంత ఆటలకే వెళ్తుందని పాసైపోయిన చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ రెండేళ్ళలో ఒక్క మ్యాచ్ చూడలేదు, స్టేడియం పక్కనుంచే రోజూ లైబ్రరీకి నడిచి వెళ్ళేదాన్ని. మ్యాక్ లాంటి చోట్ల ఆటల ఖర్చులో పెద్ద భాగం స్టూడెంట్ ఫీజులూ యూనివర్సిటీ సొంత డబ్బే మోస్తాయి. ఆటగాళ్ళ జీతాలు కూడా దీని మీదే పడితే, ఇప్పుడు హైదరాబాద్ నుంచి లోన్ మీద వస్తున్న పిల్లలే కట్టాలి. టిక్ తీసేశాను.

మా జట్టులో ఒక ఆస్ట్రేలియా కుర్రాడున్నాడు, పంటర్. మన పేపర్లలో పంటర్ అంటే బెట్టింగ్ బాపతు, ఇక్కడ బంతిని ఆకాశంలోకి తన్ని అవతలివాళ్ళకు అప్పగించేవాడు. సంతకాల లైన్‌లో మాట్లాడితే తెలిసింది, అతనూ ఎఫ్-1 స్టూడెంట్ వీసానే. టీమ్‌మేట్‌లు పిజ్జా షాపు యాడ్‌లో నటించి డబ్బు తీసుకుంటే, వీసా రూల్స్ వల్ల ఇతను ఇంటర్నేషనల్ ఆఫీసు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. పర్‌డ్యూలో ఆడిన ఏడడుగుల నాలుగంగుళాల కెనడా బాస్కెట్‌బాల్ ఆటగాడు జాక్ ఈడీకే ఈ వీసా అడ్డంకి తప్పలేదు, ఇతనెంత? సీపీటీ, ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద పని చేయడానికి ఇచ్చే అనుమతులు) అని నేను మొదలుపెట్టేసరికి అతని మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు ఓ ఫుట్‌బాల్ ఆటగాడితో నేను మాట్లాడగలిగిన సబ్జెక్ట్ దొరికింది. వెనక లైన్ ఆగిపోయిందని చిన్నోడు నా చెయ్యి పట్టుకుని లాగాడు.

2026కి రెన్యూ చేశాను, సీట్లు అవే తొమ్మిదో వరుస. జనవరిలో పోర్టల్ తెరిచిన రెండు వారాలు చిన్నోడు రోజూ పొద్దున్నే నా ఫోన్ తీసుకుని పేర్లు చూసుకున్నాడు. పంటర్ ఉన్నాడు. పాత 24 జెర్సీ ఇప్పుడు పొట్టిదైపోయింది, రాత్రుళ్ళు వేసుకుని పడుకుంటాడు. కొత్తది కావాలన్నాడు. ఎవరి పేరు వేయిద్దాం అంటే తన పేరే వేయించమన్నాడు. కస్టమ్ ప్రింట్‌కి 15 డాలర్లు ఎక్కువట, మన ఇంటిపేరు పొడుగు కాబట్టి అక్షరాలు చిన్నవిగా వస్తాయని షాపులో ముందే చెప్పారు.